విత్తనమా, కొమ్మా? అరుదైన పండ్ల మొక్క కొనేముందు అడగాల్సిన ఒక్క ప్రశ్న

వీడియో చూసేంత డేటా మిగలనివాళ్లు, బస్సులో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినవాళ్లు చదువుకోవడానికి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాం. వీడియోలో "ఇదిగో చూడండి" అని చూపించినవాటిని ఇక్కడ మాటల్లో చెప్పాను.

ముందు నాకు జరిగిన నష్టం చెప్తాను. 2016లో నేనొక రంబుటాన్ మొక్క కొన్నాను. అమ్మినాయన తన ఫోన్‌లో గుత్తులు గుత్తులుగా ఎర్రటి కాయలున్న ఫొటో చూపించి, "రెండో ఏడే కాపు సార్" అన్నాడు. 850 రూపాయలిచ్చాను. రావులపాలెం దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, కొబ్బరితోటలో, బావి పక్కన పెట్టాం. నీడ ఉంది, నీళ్లున్నాయి, గాలిలో తేమ ఉంది. రంబుటాన్‌కి మన రెండు రాష్ట్రాల్లో అంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. మావయ్య పశువుల ఎరువు వేసి బాగా చూసుకున్నాడు. చెట్టు పెరిగింది. రెండో ఏడు కాయలు లేవు. మూడో ఏడూ లేవు. ఆరో ఏడు, 2022లో పూత వచ్చింది. నేను ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పెట్టి, ఎవరెవరికి ఎన్ని కాయలో పంపకాలు కూడా చేసేశాను. నెల తిరిగేసరికి పూతంతా రాలిపోయింది. ఒక్క పిందె లేదు.

ఆ పూత ఫొటోలు కడియం వైపు నర్సరీల్లో నలభై ఏళ్లుగా అంట్లు కడుతున్న ఒక పెద్దాయనకి చూపించాను. బాబాయ్ అనే పిలుస్తాను ఆయన్ని. ఫోన్ దూరంగా పట్టుకుని కళ్లు చికిలించి చూసి, "ఆయ్, ఇది మగ చెట్టండి. ఇంకో ఇరవై ఏళ్లున్నా పూతే తప్ప కాయ ఉండదు" అన్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఈ ఎపిసోడ్ మొత్తానికి మూలం. "గింజ మొక్కాండీ, అంటు మొక్కాండీ?"

నాకు తెలీదు. కొనేటప్పుడు నేను అడగలేదు. ఎంత ఎండ కావాలి, ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి, ఏ ఎరువు వేయాలి, ఇవన్నీ అడిగాను. ఆ మొక్క దేన్నించి పుట్టిందో మాత్రం అడగలేదు.

రంబుటాన్‌ని గింజ నుంచి మొలిపిస్తే అది మగదవుతుందో, కాయలు కాసేదవుతుందో పూత వచ్చేదాకా చెప్పలేం. బొప్పాయిలో మనందరికీ తెలిసిన గొడవే. కాకపోతే బొప్పాయి కొన్ని నెలల్లోనే సంగతి చెప్పేస్తుంది, రంబుటాన్ ఐదారేళ్లు మనల్ని తిప్పుతుంది. అందుకే కేరళలో రంబుటాన్ తోటలు వేసే రైతులు గింజ మొక్కలు పెట్టరు. బాగా కాసే చెట్టు నుంచి మొగ్గ తీసి అంటించిన మొక్కలే పెడతారు. అవి మూడు నాలుగేళ్లలో కాపుకొస్తాయి, ఏ కాయ వస్తుందో ముందే తెలుసు.

సరే, అసలు గింజల సంగతేంటో చూద్దాం. మన అమ్మమ్మలు చిక్కుడు, గుమ్మడి, బీర గింజల్ని ఎండబెట్టి, బూడిదలో కలిపి, డబ్బాలో పోసి పై ఏడాదికి దాచేవాళ్లు. అవి ఎంత బాగా ఎండితే అంత కాలం బతుకుతాయి. పనస గింజల్ని అలా దాచి చూడండి. కూరకి పనికొస్తాయి కానీ నాటితే మొలవవు. ఈ రెండు రకాల గింజలకీ 1973లో ఇ.హెచ్. రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త వేరువేరు పేర్లు పెట్టాడు. ఎండబెట్టి దాచుకోగలిగినవి ఆర్థడాక్స్, ఎండితే చచ్చిపోయేవి రికాల్సిట్రెంట్. రికాల్సిట్రెంట్ అంటే మాట వినని మొండిది అని. మీరు వెతికే అరుదైన పండ్లు చాలావరకు ఈ మొండి జాతే. మాంగోస్టీన్, రంబుటాన్, దురియన్, లిచీ, జబోటికాబా, మిరకిల్ ఫ్రూట్, అన్నీ. ఎడతెరిపి లేని వానలుండే అడవుల్లో పుట్టిన చెట్లు ఇవి. అక్కడ పండు రాలిన రోజు నుంచే నేల తడిగా ఉంటుంది. గింజ ఎండి, పడుకుని, వానాకాలం కోసం ఎదురుచూడాల్సిన అవసరం వాటికెప్పుడూ రాలేదు.

దీన్నిబట్టి మీకు తేలిగ్గా ఒక డబ్బు ఆదా. ఆన్‌లైన్‌లో చిన్న ప్లాస్టిక్ కవర్లో ఎండిన మాంగోస్టీన్ గింజలు, దురియన్ గింజలు అని అమ్ముతారు. మీరు ఆర్డర్ పెట్టకముందే అవి చచ్చిపోయి ఉంటాయి. మీ చేతి వాటం బాగోక, నీళ్లు ఎక్కువై మొలవలేదని బాధపడకండి. నిజంగా గింజ నుంచే పెంచాలనుకుంటే పండే కొనండి. పండు తిన్న రోజే గింజ మీద గుజ్జంతా కడిగి (గుజ్జు మిగిలితే బూజు పడుతుంది), అదే రోజు కోకోపీట్‌లో ఒక వేలి గణుపు లోతులో పెట్టండి. ఊరి నుంచి తీసుకురావాలంటే తడి టిష్యూలో చుట్టి జిప్ కవర్లో వేసుకోండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, ఈ వేడి ప్రాంతపు గింజలకి చలి కూడా పడదు.

మొలిచిన తర్వాత ఇంకో సమస్య ఉంది. దాన్ని వయసు అనండి. గింజ మొక్క పసిపిల్లతో సమానం. ఎంత ఎరువు వేసినా దాని బాల్యం దానికి ఉంటుంది, అది గడిచేదాకా పూయదు. పాతరకం జబోటికాబాకి ఆ బాల్యం ఎనిమిది పదేళ్లు. కాస్తున్న చెట్టు నుంచి తీసిన కొమ్మ అలా కాదు. దాన్ని తెచ్చి వేర్లు తెప్పించినా, ఇంకో మొక్క మీద అంటించినా ఆ కొమ్మ వయసు తగ్గదు. చూడటానికి అడుగున్నర మొక్కే అయినా లోపల అది పెద్ద చెట్టే. కొత్త అంటు మొక్క కుండీలోనే పూత వేసేది అందుకే. ఆ మొదటి పూత మాత్రం గిల్లేయండి. నాకూ మనసొప్పదు, కానీ వేర్లు సరిగ్గా లేని మొక్క కాయ మోస్తే నీరసపడిపోతుంది.

మాంగోస్టీన్ కథ వేరు, దాని గురించి ఒక మాట చెప్పి వెళ్తాను. దాని గింజ అసలు గింజే కాదు. పుప్పొడితో పని లేకుండా తల్లి కణజాలం నుంచే తయారవుతుంది. కాబట్టి గింజ నుంచి వచ్చినా తల్లి ఎలాంటిదో పిల్లా అలాంటిదే, మగ చెట్టనే భయం లేదు. అయితే వేరు చాలా బలహీనం, ఎదుగుదల నత్తనడక, కాపుకి ఏడు నుంచి పదేళ్లు. మన దేశంలో పాత మాంగోస్టీన్ చెట్లు చూడాలంటే నీలగిరి దిగువన కల్లార్, బర్లియార్‌లలో ఉన్న తమిళనాడు ప్రభుత్వ పండ్లతోటలకి వెళ్లండి. మెట్టుపాళయం నుంచి కూనూరు ఎక్కే దారిలోనే. ఆ చల్లటి నీడ, ఆ తేమ చూస్తే మన మిద్దె మీద మే నెలలో ఆ మొక్క పడే కష్టం ఏంటో అర్థమవుతుంది. హైదరాబాద్‌లో నా మాంగోస్టీన్ రెండు వేసవులు షేడ్ నెట్ కింద బతికి, మూడో వేసవిలో నేను నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి పోయింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. 2022 వేసవిలోనే, ఆ రంబుటాన్ మగదని తెలిసిన రోజుల్లోనే, మావయ్య పాత పెంకుటిల్లు తీసేసి కొత్తిల్లు కట్టాలనుకున్నాడు. శ్రావణంలో శంకుస్థాపన. కొత్తిల్లు సరిగ్గా గులాబ్‌జామ్ చెట్టు ఉన్నచోటికి వస్తోంది. గులాబ్‌జామ్ అంటే స్వీటు కాదు. నేరేడుకి దగ్గర చుట్టం. లేత పసుపు రంగులో గుండ్రటి కాయ, పైకి చిన్న కిరీటంలా ఉంటుంది. కొరికితే పన్నీరు వాసన. లోపల బోలుగా ఉండి, ఊపితే గింజ గలగలమంటుంది. బజార్లో దొరికే ఎర్రటి, గంట ఆకారపు వాటర్ ఆపిల్ ఇది కాదు, అది దీని చుట్టమే. మా ఊళ్లో పేరు ఇది, మీ వైపు ఇంకో పేరుండొచ్చు. కోసిన మర్నాటికే నలిగిపోయే కాయ కాబట్టి బజారుకి రాదు. బజారుకి రాదు కాబట్టి ఎవరూ వేయరు. మా వీధిలో ఒకప్పుడు మూడు చెట్లుండేవట, మిగిలింది ఇదొక్కటే. మా అమ్మమ్మ కాపురానికి వచ్చినప్పటికే కాస్తోందట. అప్పటికి అమ్మమ్మకి 81.

"పోనీ గింజలు పెట్టుకోవే అమ్మా" అన్నాడు మావయ్య. ఆ ఏడు కాపు అప్పటికే అయిపోయింది, చెట్టు కింద ఉన్నవన్నీ ఎండిన గింజలే. అవి ఎందుకు పనికిరావో మీకిప్పుడు తెలుసు. ఒకవేళ మొలిచినా నాలుగైదేళ్లు ఆగాలి. అమ్మమ్మ ఏమీ అనలేదు. నాతో మాత్రం, "ఒరేయ్, కొమ్మ తీసుకెళ్లి నీ మిద్దె మీద పెట్టుకోరాదూ" అంది. కొమ్మ విరిచి మట్టిలో గుచ్చితే మందారంలా బతుకుతుందని ఆవిడ ఉద్దేశం. ఈ చెట్టు కొమ్మ అలా బతకదు. గాలి అంటు కట్టాలి.

గాలి అంటు అంటే, కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేర్లు తెప్పించడం. కొన్నిచోట్ల గూటీ అంటారు. బీహార్ లిచీ తోటలన్నీ ఈ పద్ధతిలో కట్టిన మొక్కలతోనే వేస్తారు. ఇది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ తప్పు చేయకూడదో కూడా తెలుస్తుంది, కాబట్టి ఒక్క నిమిషం ఓపిక పట్టండి. కొమ్మలో రెండు దారులుంటాయి. వేరు నుంచి నీళ్లు పైకి పోయేది లోపలి కట్టెలోంచి. ఆకు తయారుచేసిన ఆహారం, దాంతోపాటు వేర్లు పుట్టించే ఆక్సిన్ అనే హార్మోన్, ఇవి కిందకి దిగేది బెరడులోంచి. మనం కొమ్మ చుట్టూ ఉంగరంలా బెరడు ఒలిచేస్తే కిందకి దిగే దారి మూసుకుపోతుంది, పైకెళ్లేది మామూలుగానే ఉంటుంది. కొమ్మ వాడదు. దిగాల్సిన ఆహారం, హార్మోన్ ఆ గాయం పై అంచు దగ్గర పోగుపడతాయి. అక్కడ చీకటి, తడి, గాలి దొరికితే వేర్లు వేస్తుంది. అంటే వేర్లొచ్చేది గాయం పై అంచు నుంచి. కట్టు కట్టేటప్పుడు ఆ పై అంచు సరిగ్గా మధ్యలోకి రావాలి.

జూన్ 12, ఆదివారం. ఏరువాక పున్నమికి రెండు రోజుల ముందు. బాబాయ్‌ని బండి మీద తీసుకొచ్చాను. ఆయన మొదటి మూడు కట్టి చూపించారు, మిగతా ఏడు నేను కట్టాను. పెన్సిల్ కంటే లావు, బొటనవేలి కంటే సన్నం ఉన్న కొమ్మలు ఎంచుకున్నాం. ఎండ తగిలేవి, ముదురు ఆకులున్నవి, లేత చిగుళ్లు లేనివి. ఒక అంగుళం, అంగుళంపావు వెడల్పున బెరడు చుట్టూ కోసి ఒలిచాం. తర్వాత కత్తి వెనక అంచుతో తెల్లటి కట్టె మీద జిగురు పొర మొత్తం గీకేయాలి. బాబాయ్ పదే పదే చెప్పింది ఇదే. "కట్టు బిగించడంలో ఏమీ లేదండి, గీకడంలోనే ఉంది పనంతా." ఆ జిగురు పొర ఒక్క గీత మిగిలినా చాలు, అది మళ్లీ బెరడు కట్టి మూసుకున్న దారిని తెరిచేస్తుంది. ఆహారం కిందకి జారిపోతుంది, వేర్లు రావు.

గాయం పై అంచుకి వేర్ల హార్మోన్ పౌడర్ కొద్దిగా రాశాం. ఐబీఏ అని ఉంటుంది డబ్బా మీద. కొందరు తేనె రాయమంటారు, కలబంద అంటారు, దాల్చిన చెక్క పొడి అంటారు. నేనైతే పౌడరే వాడతాను, 60 రూపాయల డబ్బా రెండేళ్లు వస్తుంది. నానబెట్టి గట్టిగా పిండిన స్పాగ్నమ్ నాచు ఒక పిడికెడు చుట్టూ అద్ది, పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ చుట్టి, పైనా కిందా పురికొసతో బిగించాం. నాచు దొరక్కపోతే కోకోపీట్ కూడా పనికొస్తుంది. పిండితే చుక్క కారకూడదు, అంత తడి చాలు. దానిమీద వెలుతురు తగలకుండా, ఎండకి ఉడకకుండా వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టాను. ఇది నా సొంత తెలివి కాదు, వీడియోల్లో చూసిందే.

పదికి పదీ బతుకుతాయని నేను అనుకోలేదు, సగం వస్తే చాలనుకున్నాను. కానీ ఆ జూలైలో గోదావరికి పెద్ద వరదొచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, కోనసీమ లంక ఊళ్లు మునిగాయి. మాది లంక కాదు, అయినా నేను మూడు వారాలు వెళ్లలేకపోయాను. ఫోన్‌లో మావయ్య, "ఇంట్లో పిల్లల్ని చూసుకోనా, నీ పొట్లాల్ని చూసుకోనా" అన్నాడు. నిజమే కదా.

ఆగస్టు 7న వెళ్లి విప్పాను. ఎనిమిది వారాలు. రెండింటి కవర్ ఎవరో పొడిచేశారు, కాకులో ఉడతలో. నాచు ఎండిపోయి ఉంది. మూడింటి దగ్గర గాయం పూడిపోయి కొత్త బెరడు వచ్చేసింది. ఆ మూడూ నేను కట్టినవే, గీకడం సరిగ్గా చేయలేదన్నమాట. మిగతా ఐదింటిలో మాత్రం కవర్ లోపల తెల్లటి వేర్లు అల్లుకుపోయి కనిపించాయి. వీడియోలో దగ్గరగా చూపించాను, సేమ్యాలా ఉంటాయి. కొన్ని వేర్లు గోధుమరంగుకి తిరిగే దాకా ఆగితే ఇంకా మంచిది. నాకు ఆగే వీల్లేదు, పదమూడు రోజుల్లో శంకుస్థాపన.

కోశాక చేసే తప్పులే ఎక్కువ మొక్కల్ని చంపుతాయి. ఆ ఐదింటిలో రెండింటిని అలాగే పోగొట్టుకున్నాను. ఆకులు అంత బాగున్నాయి కదా అని అన్నీ ఉంచేశాను. అప్పటిదాకా ఆ కొమ్మకి నీళ్లిచ్చింది పెద్ద చెట్టు వేర్లు. ఇప్పుడున్నవి పిడికెడు వేర్లు. అన్ని ఆకుల దాహం అవి తీర్చలేవు. సగానికి పైగా ఆకులు తీసేయాలి, మిగిలినవాటిని కూడా సగానికి కత్తిరించాలి. ప్లాస్టిక్ మాత్రమే తీయాలి, నాచు ముద్దని విదల్చకూడదు, వేర్లు తెగుతాయి. చిన్న కుండీలో తేలికపాటి మట్టిలో పెట్టి, నెలరోజులు పూర్తి నీడలో ఉంచి, పైన పెద్ద పాలిథిన్ కవర్ బోర్లిస్తే లోపల తేమ నిలుస్తుంది. కొత్త చిగురు వచ్చి ముదిరాక మెల్లగా ఎండకి అలవాటు చేయాలి. మిగిలిన మూడింటికీ అలా చేశాను. ఒకటి మావయ్య పెరటి మూలకి, ఒకటి రాజమండ్రిలో పిన్నికి, ఒకటి నా మిద్దె మీదకి వెళ్లాయి. గాలి అంటుకి తల్లివేరు ఉండదు. తుఫాను గాలికి పడిపోకుండా మొదటి రెండు మూడేళ్లు గట్టి కర్ర కట్టి ఉంచాలి.

అన్ని చెట్లకీ గాలి అంటు కుదరదు. గులాబ్‌జామ్, వాటర్ ఆపిల్, లిచీ, జామ, దానిమ్మ, బార్బడోస్ చెర్రీ వీటికి బాగా వస్తుంది. మామిడికి, అవకాడోకి కష్టం, వాటికి అంటు కట్టడమే దారి. డ్రాగన్ ఫ్రూట్‌కి ఇవేవీ అక్కర్లేదు, అడుగు ముక్క కోసి, వారం నీడలో ఆరబెట్టి గుచ్చితే చాలు.

అంటు కట్టడం గురించి ఇంకో ఎపిసోడ్ చేస్తాను. ఇప్పటికి ఒక్క సంగతి. కింద వేర్లిచ్చే మొక్క, పైన కాయలిచ్చే కొమ్మ దగ్గరి చుట్టాలై ఉండాలి. మన దగ్గర సపోటా అంట్లు పాల చెట్టు మీద కడతారు, రెండూ ఒక కుటుంబమే. వేప మీద మామిడి అంటు లాంటి వీడియోలు చూసి కత్తి తీసుకోకండి. ఆ కోవలోనే ఇంకోటి. మా పక్కింటివాళ్ల సపోటాకి ఎండల్లో పైకొమ్మ ఎండిపోయి, కింద నుంచి పాల చిగురు వేసింది. మొక్క బతికిందని సంబరపడి మూడేళ్లు నీళ్లు పోశారు. అతుకు కింద నుంచి వచ్చే చిగురు ఎప్పటికప్పుడు గిల్లేయాలి.

నర్సరీకి వెళ్లినప్పుడు ఎలా గుర్తుపట్టాలి? మొక్క మొదట్లో, మట్టికి జానెడు లోపు చూడండి. అంటు మొక్కైతే అక్కడ ఒక అతుకు, చిన్న వంకర, పైనా కిందా బెరడు రంగులో తేడా కనిపిస్తాయి. కొన్నిటికి టేపు ఇంకా ఉంటుంది. ఆ టేపు ఇంటికొచ్చాక విప్పేయండి, లేకపోతే కాండాన్ని నొక్కేస్తుంది. గాలి అంటుకి అతుకు ఉండదు, కానీ చూడటానికి కొమ్మని మట్టిలో గుచ్చినట్టే ఉంటుంది, మొదట్లోనే ముదురు బెరడు, పక్కలకి సాగే కొమ్మలు. గింజ మొక్క నిటారుగా, సన్నగా, పైకి పోతూ ఉంటుంది. "అంటు మొక్కే సార్" అన్నప్పుడు "అతుకు చూపించండి" అనండి. మంచి నర్సరీవాళ్లు ఆ మాటకి కోపం తెచ్చుకోరు, చూపిస్తారు. కుండీలో మొక్కకి కాయ ఉందని కూడా నమ్మేయకండి, అది దానికి కాసిన కాయేనా, తొడిమ దగ్గర పట్టి చూడండి.

ఏది ఎక్కడ పెంచాలన్నది కూడా చెప్పాలి. కోనసీమలో, ఉత్తరాంధ్ర కొండ దిగువన, నీడా తేమా ఉన్నచోట రంబుటాన్ అంటు పెట్టొచ్చు. హైదరాబాద్, కర్నూలు, వరంగల్ మిద్దెల మీద మొదటి మొక్కగా మాంగోస్టీన్, దురియన్ వద్దు. బార్బడోస్ చెర్రీ, వాటర్ ఆపిల్, డ్రాగన్ ఫ్రూట్‌తో మొదలుపెట్టండి. జబోటికాబా, మిరకిల్ ఫ్రూట్ కూడా కుండీలో బాగానే ఉంటాయి, కానీ వాటికి పుల్లటి మట్టి కావాలి. మిరకిల్ ఫ్రూట్ అంటే తిన్నాక నిమ్మకాయ తియ్యగా అనిపించేది, అదే. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కొన్నాళ్లకి కొత్త ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఎరువు తక్కువైందనుకుని ఇంకా వేస్తారు. ఎరువు కాదు, ఆ నీళ్ల వల్ల మొక్క ఇనుముని తీసుకోలేకపోతోంది. వాన నీళ్లు పట్టి పోయండి. నేను వేసవిలో ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి పోస్తున్నాను, వాటిలో సున్నం ఉండదు.

ఒక విషయం మాత్రం గట్టిగానే చెప్తాను. మలేషియా నుంచో, థాయిలాండ్ నుంచో ఫ్రెండ్స్ వస్తున్నప్పుడు సూట్‌కేసులో మొక్కలు, కొమ్మలు తెప్పించుకోకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, అవతలి దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. ఇదేదో కాగితాల గొడవ అనుకోవద్దు. కొబ్బరికి వచ్చే సర్పిలాకార తెల్లదోమ మన పురుగు కాదు, మధ్య అమెరికా వైపుది. 2016లో పొల్లాచ్చి దగ్గర మన దేశంలో మొదట కనిపించింది, కొన్నేళ్లకే కోనసీమ కొబ్బరాకుల మీద నల్లటి మసి పట్టించింది. మా మావయ్య తోటలో కూడా. ఎవరి సంచిలో వచ్చిందో ఎవరం చెప్పలేం, కానీ నా సంచిలో మాత్రం రాకూడదు.

రంబుటాన్ సంగతేమైంది అని అడుగుతారు. కొట్టేయలేదు. పోయినేడు వానల్లో బాబాయ్ దాన్ని మొదలు దగ్గర నరికి, వచ్చిన కొత్త చిగుళ్ల మీద కాయ కాసే చెట్టు మొగ్గలు అంటించారు. ఆరు మొగ్గల్లో రెండు పట్టాయి. వేర్లు తొమ్మిదేళ్లవి కాబట్టి ఊపుగానే పెరుగుతున్నాయి.

గులాబ్‌జామ్ పెద్ద చెట్టుని 2022 ఆగస్టులోనే కొట్టేశారు, ఇల్లయింది. మావయ్య పెరటి మూల మొక్క 2025 మార్చిలో మొదటిసారి పూసింది. తెల్లటి కేసరాలు, షేవింగ్ బ్రష్‌లా ఉంటుంది పువ్వు. పదకొండు పూలొస్తే నాలుగు కాయలు నిలిచాయి. ఒకటి ఉడత తినేసింది, ఒకటి పండకుండానే రాలింది. మిగతా రెండూ అమ్మమ్మకి ఇచ్చాం. మే నెల, ఆవిడకి 84. కొరికి, కాసేపు నమిలి, "చప్పగా ఉందిరా" అంది. తర్వాత మిగిలిన ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసన మాత్రం అదే" అంది. మొదటి కాపు చప్పగానే ఉంటుంది, మొక్క ముదిరేకొద్దీ తీపి వస్తుంది అని చెప్పాను. "అయితే పై ఏడు చూద్దాంలే" అంది.

నా మిద్దె మీదది ఇంకా పూయలేదు. 15 అంగుళాల కుండీ దానికి ఇరుకైందని నా అనుమానం. ఈ మృగశిర కార్తెకి దాన్ని 24 అంగుళాల గ్రో బ్యాగ్‌లోకి మార్చి, వాటర్ ఆపిల్‌కి నాలుగు గాలి అంట్లు కడతాను. పచ్చి కొమ్మ మీద గీకడం ఎలాగో అప్పుడు ఆపకుండా, ఎడిట్ చేయకుండా చూపిస్తాను. మీ ఇంట్లో కడదామనుకుంటే ఈలోపు పదునైన కత్తి, స్పాగ్నమ్ నాచు, పురికొస తెచ్చి పెట్టుకోండి. నాచు ముందురోజు రాత్రే నానబెట్టాలి.